ఆయనకు మధ్యాహ్నం ఒంటిగంట, నీకు నాలుగున్నర

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. మా ఆయన మిలిటరీలో ఈఎంఈ (బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) హవల్దారు, బండ్ల మెకానిక్. నాలుగు నెలల కిందట ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో దక్షిణ సూడాన్‌కు, మలకాల్ అనే ఊరికి పోయినాడు. ఏడాది డ్యూటీ. జోధ్‌పూర్‌లో ఉన్నప్పుడు రోజూ అరగంట మాట్లాడేవాడు. ఇప్పుడు రెండు నిమిషాలు. “పనిలో ఉన్నా, మళ్లీ చేస్తా” అంటాడు, చేయడు. ఏం పని అని అడిగితే “ఏముంది, మామూలే” అంటాడు. పోయిన నెల మూడు రోజులు అసలు ఫోనే కలవలేదు. అక్కడ వీళ్లు యుద్ధం చేయడం లేదు కదా, కాపలాకు పోయినవాళ్లకు ఊపిరాడనంత పని ఏముంటుంది? “ఫారిన్ పోయినాక మగవాళ్లు అంతేలే” అంటుంది మా ఆడబిడ్డ. ఆరేళ్ల పాప నాన్న ఫోనంటేనే మొహం తిప్పుకుంటోంది. ఇది చాలదని, డాలర్లు వస్తున్నాయంట కదా అని చుట్టాలు అప్పులు అడుగుతున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: అమ్మా, కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. నీ ఉత్తరం చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. “ఏముంది, మామూలే” అన్న ముక్క నేనూ అచ్చం అలాగే వాడాను. 2009లో కాంగోలోని గోమాలో ఉన్నప్పుడు మా ఇంటావిడతో. నేనూ ఈఎంఈ వాడినే, సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ అయినవాణ్ణే. ఓసారి వరుసగా మూడు రోజులు ఫోన్ చేయలేదు. నాలుగో రోజు చేస్తే అవతల ఏడుపు. అక్కడ ఏదో కాల్పులు జరిగాయని టీవీలో చూసిందట, నాకేదో అయిందనుకుంది. నిజానికి ఆ మూడు రోజులూ నేను ఒక లారీ గేర్‌బాక్స్ దించి, విప్పి, మళ్లీ ఎక్కించే పనిలో ఉన్నాను. దాన్ని కూడా ఒక కబురని చెప్పాలా అనుకున్నాను. “గేర్‌బాక్స్ అయితే గేర్‌బాక్స్ అనే చెప్పాల్సింది” అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మీ ఆయన సంగతీ ఇదే. మా బోటి వాళ్లకు ప్రాణం మీదికి వచ్చింది మాత్రమే కబురు. మిగతాదంతా మామూలే. ఆ మామూలులో ఏముంటుందో నేను చెప్తాను, విను.

ముందు గడియారం చూడు. దక్షిణ సూడాన్ మనకంటే మూడున్నర గంటలు వెనక. నువ్వు ఉదయం ఎనిమిదింటికి పాపకు జడ వేస్తుంటే అక్కడ నాలుగున్నర, తెల్లారలేదు. ఆయన అప్పుడే లేచి గడ్డం గీసుకుంటుంటాడు. నువ్వు రాత్రి తొమ్మిదింటికి పనులన్నీ తెముల్చుకుని ఫోన్ పట్టుకుని కూర్చుంటావు చూడు, అప్పుడు అక్కడ సాయంత్రం అయిదున్నర. క్యాంపు మొత్తానికీ అంత హడావుడి వేళ ఇంకోటి ఉండదు. బయటికి వెళ్లిన బండ్లన్నీ ఒక్కసారే లోపలికి వచ్చేది అప్పుడే. ఆయనకు నిజంగా చేతులు ఖాళీ అయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిది, నీకు పన్నెండున్నర. పడుకున్నావులే, ఎందుకు లేపడం అనుకుంటాడు. అది ప్రేమేనమ్మా, కాకపోతే నీకు చేరే దారిలో లేదు.

ఇక రోజు. అయిదింటికల్లా పీటీ. ఎండ ఎక్కితే ఎటూ పరిగెత్తలేరు. మార్చి నెలలో అక్కడి ఎండ మీ నంద్యాల ఎండకు ఏమీ తీసిపోదు. క్యాంపు చుట్టూ ముళ్లకంచె, మట్టి కట్ట, వాటి లోపలి బాట వెంట పరుగు. తర్వాత లంగర్లో, అంటే క్యాంపు వంటశాలలో, టీ, పూరీయో పరాఠాయో. ఏడింటికి ఫాలిన్, అంటే అందరూ వరసగా నిలబడటం. ఎవరెవరు ఏ పనికి అన్నది అక్కడ తేలుతుంది. కోత్ అనే ఆయుధాల గది నుంచి తుపాకులు తీసుకోవాలి, నంబరు చూసి సంతకం పెట్టాలి, సాయంత్రం మళ్లీ లెక్క చూసి అప్పగించాలి. ఒక్క తూటా తేడా వచ్చినా ఆ రోజు ఎవరికీ అన్నం ఉండదు.

ఆ తర్వాతే మీ ఆయన అసలు పని మొదలు. పెట్రోలింగ్‌కు పోయే బండ్లకు ‘ఫస్ట్ పరేడ్’ అని ఉంటుంది. పరేడ్ అంటే కవాతు కాదు. బండి కదలకముందు ఆయిలు, నీళ్లు, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, వైర్‌లెస్ సెట్టు అన్నీ ఒకటొకటిగా చూడటం. డ్రైవర్లు చూస్తారు, తేడా కనిపిస్తే మెకానిక్‌ను పిలుస్తారు. తేడా కనిపించని రోజు ఉండదు. ఎండాకాలం దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్లు పూడుకుపోతాయి. వానాకాలం వచ్చిందంటే వేరే కథ. అక్కడి నేల మీ నేలే అమ్మా, నల్లరేగడి! మే నుంచి అక్టోబరు దాకా వానలు. తడిసిన రేగడిలో ఎద్దులబండి దిగబడితే మీ ఊళ్లో ఎంతమంది కాడి పట్టాలో నీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ దిగబడేది టన్నుల బరువున్న సైనిక వాహనం. చక్రాల సందుల్లో మట్టి సిమెంటులా బిగుసుకుంటుంది, గునపాలతో గీకాలి. నెలల తరబడి రోడ్లు పనికిరావు. సామాన్లు విమానంలోనో, తెల్లనైలు నది మీద పెద్ద పడవల్లోనో రావాలి. అంటే ఒక స్పేర్ పార్ట్ కావాలంటే వారాలు పడుతుంది. అది వచ్చేదాకా ఉన్నదాంతోనే ఏదో ఒకటి అతికించి బండి నడిపించడమే ఆయన విద్య. (గోమాలో మా పీడ రేగడి కాదు, రాయి. 2002లో అగ్నిపర్వతం లావా ఊరి మీదుగా పారి గడ్డకట్టింది. కత్తుల్లాంటి ఆ రాళ్ల మీద టైర్లు చీలికలయ్యేవి. ఎక్కడ పీడ అక్కడిది.)

బండ్లతో అయిపోదు. క్యాంపులో కరెంటంతా జనరేటర్లదే. నీళ్ల ప్లాంటు, వంటింట్లో కోడి మాంసం పెట్టే డీప్ ఫ్రీజర్లు, వైర్‌లెస్ గది, ఆసుపత్రి, చివరికి నువ్వు ఎదురుచూసే ఆ ఇంటర్నెట్ కూడా వాటి మీదే నడుస్తుంది. జనరేటర్ ఆగితే అర్ధరాత్రి అయినా తలుపు కొడతారు. వీటన్నిటి మీదా ఐక్యరాజ్యసమితి వాళ్ల తనిఖీ. మూడు నెలలకోసారి వచ్చి, మన దేశం తీసుకెళ్లిన ప్రతి బండీ, ప్రతి జనరేటరూ నడుస్తోందా లేదా అని స్టార్ట్ చేయించి మరీ చూస్తారు. నడిచినదానికే మన ప్రభుత్వానికి డబ్బు. తనిఖీకి పది రోజుల ముందు నుంచి మెకానిక్‌లకు నిద్ర ఉండదు. నాలుగు నెలలైంది అంటున్నావు, ఒక తనిఖీ ఈపాటికి అయ్యుంటుంది. ఆయన ఫోన్లు మరీ తగ్గిన వారం ఏదో గుర్తు చేసుకో.

ఇవన్నీ ఎందుకోసం అన్నది నీ అసలు ప్రశ్న. 2013 డిసెంబరులో ఆ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. దేశం పుట్టి అప్పటికి రెండున్నరేళ్లే. జనం ప్రాణాలు అరచేత పట్టుకుని ఐక్యరాజ్యసమితి క్యాంపుల్లోకి పరుగెత్తారు. మలకాల్ క్యాంపును ఆనుకుని అలా వచ్చిన వేల కుటుంబాలు రేకులు, టార్పాలిన్ల కింద ఏళ్ల తరబడి ఉండిపోయాయి. అది చాలదన్నట్టు 2023 ఏప్రిల్‌లో ఉత్తరాన ఉన్న సూడాన్‌లో యుద్ధం మొదలైంది. అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు రెంక్ అనే సరిహద్దు ఊళ్లో దిగి, నది మీద పడవల్లో మలకాల్ చేరారు. వీళ్లకు తిండిగింజలు తెచ్చే లారీలకు ముందొక బండి, వెనకొక బండి కాపలా ఉండాలి. ఆడవాళ్లు కట్టెలకు పోయే దారిలో సైనికులు తిరుగుతుండాలి. ఆ దారిలో వాళ్ల మీద ఎన్ని అఘాయిత్యాలు జరిగాయో ఇక్కడ రాయను. ఆడదానివి, నువ్వే ఊహించుకోగలవు. తెల్లరంగు వేసిన బండి ఒకటి ఆ బాటలో కనిపిస్తే చాలు, కట్టెలు ఏరుకుని క్షేమంగా తిరిగొస్తారు. ఆ బండి ఆ పొద్దున స్టార్ట్ అయిందంటే కారణం మీ ఆయన. ఆయన దీన్ని ఇలా చెప్పుకోడు. “ఏముంది, మామూలే” అంటాడు.

సాయంత్రం బండ్లు వచ్చాక లాస్ట్ పరేడ్, అంటే మళ్లీ అదే తతంగం, రేపటికి సిద్ధం చేయడం. పని తెమిలితే అరగంట వాలీబాల్. దాన్ని తిట్టుకోకు, ఆ అరగంట లేకపోతే మనుషులు పిచ్చెక్కిపోతారు. తర్వాత రోల్ కాల్. అందర్నీ నిలబెట్టి తల లెక్కపెట్టి, మర్నాటి ఆర్డర్లు చదువుతారు. ఆపైన భోజనం, బట్టలు ఉతుక్కోవడం. రాత్రి సంత్రీ డ్యూటీ వంతు కూడా వస్తుంది. మెకానిక్ కదా అని వదిలిపెట్టరు. రెండు గంటలు నిలబడటం, నాలుగు గంటలు పడుకోవడం, మళ్లీ రెండు గంటలు. అలా నిలబడి వచ్చిన మనిషి మర్నాడు ఫోనులో రెండు నిమిషాలకే ఆవులించాడంటే నీ మీద విసుగు కాదు.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పనిది. ఉండేది కంటైనర్ లాంటి గది, అందులో ముగ్గురో నలుగురో. ఇంటర్నెట్ వచ్చే చోట పదిమంది. పెళ్లాంతో “నువ్వు గుర్తొస్తున్నావు” అనాలంటే చుట్టూ పంజాబీలు, మరాఠీలు ఉన్నా తెలుగు ఎవడికి అర్థమవుతుందిలే అనుకోవచ్చు. కానీ గొంతు వణికితే ఏ భాషవాడికైనా తెలిసిపోతుంది. అందుకే “ఆ, ఊ, బాగున్నా” తో సరిపెడతాడు.

మూడు రోజుల సంగతికి వస్తాను. లాంగ్ పెట్రోల్ అని ఉంటుంది. దూరంగా ఉన్న పల్లెలకు రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, రాత్రిళ్లు బయటే మకాం. బండి దారిలో చెడితే బాగుచేయడానికి మెకానిక్ తప్పకుండా వెంట ఉండాలి. ఊరు దాటితే సెల్ సిగ్నల్ ఉండదు. ఉన్న వైర్‌లెస్సు, శాటిలైట్ ఫోను డ్యూటీకే. వెళ్లేముందు “రేపు ఫలానా చోటికి పోతున్నాం” అని నీకు చెప్పకూడదు, చెప్పడు కూడా. నువ్వూ అడగకు. కాన్వాయ్ ఎప్పుడు బయలుదేరుతుందో ఫోనులో మాట్లాడుకోవడం అంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. ఆయన ఫొటోలు పంపితే చూసుకుని మురిసిపో. స్టేటస్‌లో పెట్టకు, ఆడబిడ్డకు కూడా ఫార్వర్డ్ చేయకు. అందులో వెనకాల ఏం కనిపిస్తోందో నీకు తెలియదు.

ప్రమాదం లేదా అంటే నీతో అబద్ధం చెప్పను. 2013 ఏప్రిల్ 9న జోంగ్లే రాష్ట్రంలో గుమురుక్ దగ్గర కాన్వాయ్‌ను మాటువేసి కొడితే మన సైనికులు అయిదుగురు చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 19న సాయుధులు అకోబో క్యాంపు మీద పడ్డప్పుడు మరో ఇద్దరు. ఇన్ని దశాబ్దాల్లో శాంతిసేనల్లో పనిచేసిన భారతీయులు 2,90,000 మందికి పైనే. వాళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు దాదాపు 180 మంది. ఈ లెక్క నిన్ను భయపెట్టడానికి కాదు. టీవీలో ‘సూడాన్’ అని వినపడగానే గుండె జారిపోకుండా ఉండటానికి. ముందు అది సూడానా, దక్షిణ సూడానా చూడు. రెండూ వేర్వేరు దేశాలు. తర్వాత ఏ ఊరో చూడు.

నన్నడిగితే నువ్వు భయపడాల్సింది దోమ గురించి. మా క్యాంపులో మంచం పట్టినవాళ్లలో ఎక్కువమంది మలేరియా వాళ్లే. మందు ముందుగానే వేసుకోవాలి. మన మగవాళ్లకు ఒంట్లో బాగున్నప్పుడు మాత్ర మింగడమంటే నామోషీ. సాయంత్రం చేతులు పైకి మడిచి వాలీబాల్ ఆడతారు. “మాత్ర వేసుకున్నావా, దోమతెర దించావా” అని అడుగు. ఎంత విసుక్కున్నా అడుగు.

అడగడం అన్నాను కదా, నీ ఇబ్బంది సగం అక్కడే తీరుతుంది. “ఎలా ఉన్నావు” అని అడిగితే ఏ సిపాయి అయినా “బాగున్నా” అనే అంటాడు. “ఏం చేశావు” అంటే “మామూలే”. అలా కాకుండా, “ఇవాళ ఏ బండి చెడింది?” అని అడుగు. “రేగడిలో దిగబడ్డ బండిని ఎలా లాగారు?” అను. పది నిమిషాలు ఆపకుండా చెప్తాడు, నువ్వే ఫోన్ పెట్టేయాలనుకుంటావు. అక్కడి ఆవుల గురించి అడుగు. బారెడు కొమ్ములుంటాయి వాటికి, అక్కడివాళ్లకు ఆవే ఆస్తి. పెళ్లికొడుకు పిల్ల ఇంటివాళ్లకు ఆవులిచ్చి పెళ్లి చేసుకోవాలి. మన బెటాలియన్ల వెంట పశువుల డాక్టర్లు కూడా పోయి ఆ ఆవులకు వైద్యం చేశారు. జొన్నపిండిని పులియబెట్టి పల్చగా పోసే కిస్రా అనే అట్టు తిన్నాడేమో అడుగు. కర్కదే అని ఎర్రటి పానీయం ఇస్తారు, అది తాగాడేమో అడుగు. అది మన ఎర్ర గోంగూర పువ్వు కింద ఉండే ఎర్రటి తొడుగులు కాచి తీసేదే. మనం ఆకు తింటాం, వాళ్లు ఆ తొడుగుల రసం తాగుతారు. ఈ సంగతి నువ్వు చెప్తే ఆయనే ఆశ్చర్యపోతాడు.

ఇప్పుడు వేళ. రోజూ మాట్లాడాలనే పట్టు వదిలేయి. ఆదివారం పొద్దున వాళ్లకు మందిర్ పరేడ్ ఉంటుంది, భజన, హారతి, ప్రసాదం. మధ్యాహ్నం కొంచెం తీరిక. ఆయనకు రెండింటికి, నీకు అయిదున్నరకు, తీరిగ్గా ఒక ఫోన్ అని ఇద్దరూ అనుకోండి. కుదరని ఆదివారం వస్తే అలగకు. మిగతా రోజుల్లో మెసేజ్‌లు. అవి ఎప్పుడు పంపినా ఆయన తన వేళకు చూసుకుంటాడు.

మళ్లీ మూడు నాలుగు రోజులు మాట లేకపోతే చుట్టాలకు ఫోన్లు చేయకు. బెటాలియన్ విదేశం పోయినప్పుడు ఇక్కడ రియర్ పార్టీ అని కొంతమంది మిగులుతారు, కుటుంబాల బాధ్యత వాళ్లదే. ఆ నంబరు నీ దగ్గర లేకపోతే ఈ ఆదివారమే ఆయన్ని అడిగి గోడ మీద క్యాలెండర్లో రాసి పెట్టుకో. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో కూడా తెలుసుకుని ఉంచు.

ఆడబిడ్డ మాట వదిలేయి. ఆమె ఉద్దేశం నాకు తెలియదు కానీ, క్యాంపు గేటు దాటాలంటే సాయుధంగా, గుంపుగా, ఆర్డరుతో దాటాలి. షికార్లకు పోయే చోటు కాదది.

డబ్బు గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. ఒక్కో సైనికుడికి నెలకింత అని ఐక్యరాజ్యసమితి ఇచ్చేది మన ప్రభుత్వానికి, నేరుగా మీ ఆయన చేతికి కాదు. ఆయనకు జీతంతో పాటు విదేశీ భత్యం వస్తుంది. బాగానే వస్తుంది, కాదనను. కానీ విమానం దిగిన రోజుతో అది ఆగిపోతుంది. మళ్లీ మామూలు జీతమే. ఈ ఏడాది డబ్బు చూసి ఇంటికి పునాది తీసి, స్లాబ్ దగ్గర ఆగిపోయిన జవాన్లను నేను చాలామందిని చూశాను. చుట్టాలు అడిగితే “ఆయన వచ్చాక ఆయన్నే అడగండి” అను. ఇందులో అబద్ధమేమీ లేదు, మొహమాటమూ అక్కర్లేదు. పాప పేరున కొంత ఎఫ్‌డీ వేసేస్తే అడిగేవాళ్లకు చూపించడానికి ఖాతాలో ఏమీ ఉండదు కూడా.

చివరికి పాప. ఆరేళ్ల పిల్లకు ఫోనులో నాన్న అంటే ఒక కరకర శబ్దం, మధ్యలో తెగిపోయే బొమ్మ. “నాన్నతో మాట్లాడు, మాట్లాడు” అని ఫోన్ చెవికి ఆనిస్తే మొహం తిప్పుకోక ఏం చేస్తుంది? ఇక బలవంతం చేయకు. బడి నుంచి నాలుగున్నరకు వస్తుంది కదా. అప్పుడు ఆయనకు మధ్యాహ్నం ఒంటిగంట, లంగర్లో ప్లేటు పట్టుకుని కూర్చునే వేళ. ఆ రోజు బడిలో ఎవరు ఎవర్ని గిచ్చారో, టీచరు ఎవర్ని తిట్టిందో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమను. నిమిషం చాలు. జవాబు వెంటనే రావాలని ఎదురుచూడొద్దని ముందే చెప్పు. ఆయనకూ ఒక పని అప్పగించు. రోజూ ఒక్కటంటే ఒక్కటి, పాపకు అర్థమయ్యేది చెప్పి పంపాలి: ఇవాళ బురదలోంచి ఏ బండిని లాగాం, ఏ పిట్ట వచ్చి క్యాంపు కంచె మీద వాలింది. మాటే చాలు, ఫొటో అక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి ఆయన పెట్టింది పాప పొద్దున లేవగానే వింటుంది. నువ్వు జడ వేసేటప్పుడు వినిపించు. కదలకుండా కూర్చుంటుంది, జడ కూడా తిన్నగా వస్తుంది.